పవర్ పెంచితే రొద పోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ సైన్స్ పేజీలో రేడియో సిగ్నళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసినవాళ్లు కష్టపడ్డారు, కాదనను. కానీ మధ్యలో ఒక మాట ఉంది చూడండి, శబ్దాన్ని మించిన బలంతో పంపితే సిగ్నల్ స్పష్టంగా చేరుతుందని, పక్కనే దానికో బొమ్మ కూడా వేశారు, కింద గడ్డిలాగా చిన్న చిన్న గీతలు, వాటి మధ్యలోంచి కొండలాగా లేచిన ఒక పెద్ద అల. అది చూశాక ఉండబట్టలేక రాస్తున్నా. మనందరి ఫోన్లు దారి చూపించడానికి వాడుకునే జీపీఎస్ సిగ్నల్‌కి ఇదే బొమ్మ వేయాలంటే తలకిందులుగా వేయాల్సి వస్తుంది. అక్కడ కొండ రొదది. సిగ్నల్ దాని అడుగున ఎక్కడో పడి ఉంటుంది. అయినా ఫోన్ దాన్ని పట్టుకుంటుంది. ఎలా పట్టుకుంటుందన్నదే అసలు సంగతి, అదే మీ వ్యాసంలో లేదు.

ఇంకో చిన్న మాట. నాయిస్‌ని మీరు "శబ్దం" అన్నారు. పాట కూడా శబ్దమే కదండీ! మనకి "రొద" అనే చక్కటి మాట ఉంది, నేను ఈ ఉత్తరంలో అదే వాడతా.

నేను ఇంజినీర్‌ని కాదు, హ్యామ్ రేడియో పిచ్చి ఉన్నవాణ్ని, అంటే ఇంట్లో సొంత స్టేషన్ పెట్టుకుని సరదాకి దూరాలవాళ్లతో మాట్లాడేవాణ్ని. లైసెన్స్ తీసుకుని ఇరవై ఏళ్లు దాటింది. పవర్ పెంచితే చాలన్న భ్రమలో నేనూ కొన్నేళ్లు ఉన్నా. షార్ట్‌వేవ్‌లో రోజూ మాట్లాడే ఒక మిత్రుడితో ఉన్నట్టుండి మాట కుదరడం మానేసింది, ఆయన గొంతు రొదలో మునిగిపోతోంది. ఆవేశంలో ఒక ఆంప్లిఫయర్ తెచ్చి 100 వాట్లని 400 చేశా. నేను పెంచింది నా గొంతు, నాకు పోయింది వినికిడి. ఆయనకి నేను బ్రహ్మాండంగా వినపడుతున్నానట, ఆయన చెప్పేది మాత్రం నాకు ఒక్క ముక్క అందదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఇక్కడ శంఖమూ నాదే, చెవుడూ నాదే. వారం రోజులు యాంటెనా, కేబుల్ అన్నీ విప్పి చూశాక దొంగ దొరికింది. టేబుల్ మీద యాంటెనా తీగకి జానెడు దూరంలో పెట్టిన ఫోన్ చార్జర్. లోపల కరెంటుని సెకనుకి వేల సార్లు ఆపి వదులుతుంటుంది, ఆ దెబ్బలన్నీ షార్ట్‌వేవ్ బ్యాండ్ అంతా పాకుతాయి. ప్లగ్ పీకగానే మిత్రుడి గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వచ్చింది.

సరే, చార్జర్ పీకితే పోయే రొద వేరు. ఏది పీకినా పోనిది ఇంకోటుంది. ఏ తీగలోనైనా, ఏ రెసిస్టర్‌లోనైనా వేడికి ఎలక్ట్రాన్లు కదులుతూనే ఉంటాయి, ఆ కదలికే రొద. 1928లో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దాన్ని కొలిచి చూపించాడు, అక్కడే పనిచేసే నైక్విస్ట్ లెక్క కట్టి చెప్పాడు. ఎంత వెడల్పు బ్యాండ్, అంటే ఎంత మేర ఫ్రీక్వెన్సీలు, తెరిచి వింటే అంత రొద లోపలికొస్తుంది. దానికి తోడు ఆకాశం. అదే బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్‌స్కీ అనే కుర్రాడికి సముద్రం దాటే షార్ట్‌వేవ్ టెలిఫోన్‌లో గరగర ఎక్కణ్నించి వస్తోందో కనుక్కోమని పని అప్పజెప్పారు. ఉరుములవి ఉరుములకే లెక్క తేలాయి, కానీ ఒక సన్నటి "స్స్" మాత్రం రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేది. నాలుగు నిమిషాలు ముందంటే సూర్యుడి గడియారం కాదది, నక్షత్రాల గడియారం. అలా 1933 నాటికి ఆ రొద పాలపుంత మధ్యభాగం నుంచి వస్తోందని తేల్చేశాడు. దాన్ని ఆపే స్విచ్ ఎవరి దగ్గరుంటుంది చెప్పండి.

అందుకని రొదతో బతకాల్సిందే. అప్పుడు పవర్ పెంచడం ఒక దారే, నేను పనికిరాదనట్లేదు. కానీ ఎంత దండగో చూడండి. ఖాళీ ఆకాశంలో దూరం రెట్టింపు చేయాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. నా 100 వాట్లని 400 చేస్తే అవతలి రిసీవర్ మీద సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ముల్లు జరిగేది సరిగ్గా ఒక్క గీత. 1948లో, సమాచారాన్ని బిట్లలో కొలవడం నేర్పిన క్లాడ్ షానన్ రాసిన సూత్రం ఇంకా నిర్దయగా ఉంటుంది. సిగ్నల్ రొదకి 1000 రెట్లున్న చోట బ్యాండ్‌లో ఒక్కో హెర్ట్జ్ వెడల్పుకి సెకనుకి దాదాపు 10 బిట్లు, అంటే పది సున్నా-ఒకట్లు, పంపొచ్చు. పవర్ రెట్టింపు చేసి 2000 రెట్లు చేశారనుకోండి, వచ్చేది 11 బిట్లు. అంతే! కరెంటు బిల్లు రెట్టింపు, లాభం పదో వంతు. పైగా నేను పెంచానని పక్కవాడూ పెంచుతాడు, వాడి సిగ్నల్ నాకు రొద, నాది వాడికి రొద, ఇద్దరమూ గొంతు చించుకుని మొదటికే వస్తాం. షానన్ అదే కాగితంలో ఆశ కూడా చూపించాడు లెండి. రొద ఉన్నా సరే, ఆ హద్దు లోపల పంపినంతసేపూ తప్పుల్ని ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చు, సందేశాన్ని సరిగ్గా పేర్చుకోవడం తెలియాలి అన్నాడు. ఎలా పేర్చాలో మాత్రం చెప్పలేదు. దానికోసం తర్వాతివాళ్లు నలభై అయిదేళ్లు కొట్టుకున్నారు.

పేర్చడమంటే ఏమిటో చెప్పాలంటే నాకు ముందు మా హ్యామ్‌ల అలవాటే గుర్తొస్తుంది. కాల్‌సైన్, అంటే మా స్టేషన్ పేరు, చెప్పేటప్పుడు అక్షరాలు ఉత్తగా చదవం. బీ, డీ, ఈ, జీ, పీ, టీ... గరగరలో ఇవన్నీ ఒకటే "ఈ"లా వినిపిస్తాయి. అందుకని బ్రావో, డెల్టా, ఎకో, గోల్ఫ్, పాపా, టాంగో అంటాం. "టాంగో"లో సగం కొట్టుకుపోయి "...ంగో" అని మిగిలినా అది పాపా కాదని, డెల్టా కాదని తెలిసిపోతుంది. ఇక్కడ గొంతేమీ పెంచలేదు గమనించండి, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య దూరం పెంచాం. రొద ఒకదాన్ని ఇంకోదానిలా మార్చాలంటే ఇప్పుడు చాలా పాడుచేయాలి.

ఇదే పని మన పద్యం ఎప్పటినుంచో చేస్తోంది. ఉత్పలమాల తీసుకోండి, పాదానికి 20 అక్షరాలు, గురువులూ లఘువులూ ఎక్కడ పడాలో ఖాయం, రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ప్రాస, పదో అక్షరం దగ్గర యతి. తాళపత్రంలో ఒక అక్షరం పురుగు తినేసిందనుకోండి, పరిష్కరించే పండితుడు లెక్కపెట్టి ఎక్కడ పోయిందో చెప్తాడు, అక్కడ గురువుండాలో లఘువుండాలో చెప్తాడు, అది ప్రాసస్థానమైతే ఏ హల్లో, యతిస్థానమైతే ఏ హల్లుల గుంపులోదో కూడా చెప్పేస్తాడు. వచనంలో పోతే అంత భరోసా లేదు. కవికి ఆ నియమాల వల్ల నోరు కట్టేసినట్టే, పది మాటల్లో చెప్పేది పదిహేను మాటల్లో సర్దాలి, కానీ ఆ అదనపు బరువే పోయిన అక్షరాన్ని వెనక్కి తెచ్చి ఇస్తుంది. 1950లో బెల్ ల్యాబ్స్ గణితజ్ఞుడు రిచర్డ్ హామింగ్ చేసింది అచ్చం ఇదే. శనివారం ఆదివారం చూసే మనిషి లేనప్పుడు కంప్యూటర్ తప్పొచ్చిందని గుర్తుపట్టి పనే వదిలేసేది. తప్పొచ్చిందని కనిపెట్టగలిగిన యంత్రం ఎక్కడొచ్చిందో చెప్పి దిద్దుకోలేదా అని ఆయనకి ఒళ్లు మండింది. నాలుగు బిట్లకి మూడు కాపలా బిట్లు జోడించాడు, ఏడింట్లో ఏ ఒక్కటి తిరగబడినా ఏదో తెలిసిపోతుంది, తిప్పి పెట్టుకోవడమే.

కానీ రేడియోలో తప్పులు ఒక్కొక్కటిగా మర్యాదగా రావు. పిడుగు పడిందంటే వరసగా వంద బిట్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఇక్కడా పురుగే నాకు పాఠం చెప్పింది. పురుగు ఒకే ఆకు మీద పాకుతూ తింటే ఆ పద్యం గోవిందా. అదే తాళపత్రాల కట్టని అడ్డంగా తొలుచుకుంటూ అవతలికి పోయిందనుకోండి, ప్రతి ఆకులో ఒక్కో అక్షరమే పోతుంది, ఒక్కో అక్షరమంటే ఛందస్సు తిరిగి తెచ్చుకోగలదు. ఇంజినీర్లు పురుగు వచ్చే దిక్కుని ముందే ఊహించి ఆకుల్ని తిప్పి పెడతారు. అంటే బిట్లని అడ్డంగా రాసుకుని నిలువుగా పంపుతారు, రిసీవర్ మళ్లీ అడ్డంగా పేర్చుకుంటుంది, పిడుగు చేసిన వంద బిట్ల గాయం వంద చోట్లకి చెదిరిపోయి చిల్లర తప్పులుగా మిగులుతుంది. ఇంటర్‌లీవింగ్ అంటారు. గీతలు పడిన సీడీ కూడా పాడిందంటే ఇదీ, దీనితోపాటు 1960లో వచ్చిన, తప్పులు దిద్దే రీడ్-సోలమన్ కోడూ కారణం.

ఇక జీపీఎస్. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, కాగితం పెన్సిల్ దగ్గరుంటే ఇంకా మంచిది. రెండు కాగితం పట్టీలు తీసుకుని రెండింటి మీదా ఈ ఏడు గుర్తులు గడికొకటి చొప్పున రాయండి: ప్లస్, ప్లస్, ప్లస్, మైనస్, మైనస్, ప్లస్, మైనస్. ఒకదాని కింద ఒకటి సరిగ్గా పెట్టి, పైనా కిందా ఒకే గుర్తుంటే ఒకటి కలపండి, వేరైతే ఒకటి తీసేయండి. ఏడుకి ఏడూ కలిశాయి కాబట్టి ఏడు. ఇప్పుడు కింది పట్టీని ఒక్క గడి పక్కకి జరిపి, ఎదురెదురుగా ఉన్న ఆరు జతలు లెక్కపెట్టండి. సున్నా. ఇంకో గడి జరపండి, మైనస్ ఒకటి. మళ్లీ సున్నా, మళ్లీ మైనస్ ఒకటి, అలాగే చివరిదాకా. సరిగ్గా అతికిన ఒక్క చోట ఏడు, మిగతా అన్ని చోట్లా ఏమీ లేనట్టే. వచ్చే దారిలో రొద ఒక గుర్తుని తిప్పేసినా అతికిన చోట ఐదొస్తుంది, అప్పటికీ దొరికిపోతుంది. వీటిని బార్కర్ కోడ్‌లంటారు, పదకొండు గుర్తులున్న అన్నగారిని మొదటి తరం వైఫై వాడుకుంది.

జీపీఎస్ ఉపగ్రహం వాడే పట్టీలో గుర్తులు ఏడు కాదు, 1023. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో పట్టీ, అది ప్రతి మిల్లీసెకనుకీ ఒకసారి మొదటినుంచి చివరిదాకా తిరుగుతుంది. దాని మీద మోసుకొచ్చే అసలు సమాచారం సెకనుకి 50 బిట్లే. అంటే ఒక్క బిట్ కోసం పట్టీ 20 సార్లు, మొత్తం 20,460 గుర్తులు ఖర్చు. 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి దిగేసరికి చేతికందే బలం వాట్‌ని కోటి కోట్ల వంతులు చేసి, అందులో ఒక వంతుని మళ్లీ నూరు ముక్కలు చేస్తే ఒక ముక్క, దాదాపు అంత. చుట్టూ ఉన్న రొద దానికంటే పదుల రెట్లు ఎక్కువ. ఫోన్ ఏం చేస్తుందంటే తన దగ్గరున్న పట్టీని జరుపుకుంటూ జరుపుకుంటూ పోయి అతికే చోటు వెతుక్కుంటుంది. అతికిందా, సిగ్నల్ ముక్కలు 20,460 కూడా ఒకే దిక్కున కలుస్తాయి. రొద ముక్కలు అటోటి ఇటోటి లాగుతాయి కాబట్టి 20,460 కలిపినా వర్గమూలం మేరకే, అంటే దాదాపు 143 మేరకే పెరుగుతాయి. అదీ కిటుకు. రొద బలమైనదే, కానీ దానికి ఐకమత్యం లేదు. ఇంకో ఉపగ్రహం అదే ఫ్రీక్వెన్సీ మీద పంపుతున్నా దాని పట్టీ వేరు కాబట్టి అది కూడా రొదలో కలిసి కొట్టుకుపోతుంది. ఇరుగుపొరుగు గొడవ కూడా తీరింది, ఎవరూ గొంతు పెంచనక్కర్లేదు.

ఇదంతా పెద్దవాళ్ల సంగతి, మాలాంటివాళ్లకేం ఒరిగిందంటారా? ఎఫ్‌టీ8 అని, కంప్యూటర్‌తో రేడియో మీద చిన్న సందేశాలు పంపే ఒక పద్ధతి ఉంది. లయ తప్పకుండా రేడియో తరంగాలు పంపే పల్సార్ నక్షత్రాల మీద పరిశోధనకి 1993లో నోబెల్ పంచుకున్న జో టేలర్ మా హ్యామ్‌లలో ఒకాయన, ఇంకో హ్యామ్ స్టీవ్ ఫ్రాంకీతో కలిసి 2017లో తెచ్చాడు. ఒక రాత్రి 14.074 మెగాహెర్ట్జ్ మీద పెట్టి స్పీకర్‌కి చెవి ఆనించి కూర్చున్నా. బలమైన స్టేషన్లు సన్నగా ఈలలు వేస్తున్నాయి, వాటి మధ్య ఖాళీల్లో వట్టి "స్స్". పదిహేను సెకన్లు అయ్యేసరికి ఆ ఖాళీలోంచే స్క్రీన్ మీద ఒక కాల్‌సైన్ పడింది, పక్కన మైనస్ 19 డెసిబెల్స్. అంటే రొద ఎనభై పాళ్లయితే సిగ్నల్ ఒక పాలు! చెవికి నిజంగా ఏమీ వినపడలేదు.

దీన్ని విప్పి చూస్తే ఇందాకటి సరుకంతా ఇందులోనే ఉంది. సందేశం 77 బిట్లు. దానికి సరిచూసుకోవడానికి 14 బిట్లు, ఆపైన పోయినవి తిరిగి తెచ్చుకోవడానికి 83, మొత్తం 174. అంటే సగానికి పైగా కాపలానే. ఎనిమిది స్వరాలు, ఒక్కో స్వరానికి మూడు బిట్ల చొప్పున 58 స్వరాలైతే, రిసీవర్ అతికించుకోవడానికి ముందే తెలిసిన గుర్తుగా ఏడేసి స్వరాలు మూడు చోట్ల. అన్నీ కలిపి 79 స్వరాలు, 12.64 సెకన్లు. మైనస్ 19 అన్నదాంట్లో చిన్న లెక్కల గారడీ ఉంది, అదీ చెప్పాలి. ఆ రొదని 2500 హెర్ట్జ్ వెడల్పున కొలుస్తారు, స్వరానికీ స్వరానికీ ఎడం 6.25 హెర్ట్జే. అంత సన్నటి సందులోంచి చూస్తే లోపలికొచ్చే రొద 400 వంతు, అక్కడ సిగ్నలే పైచేయి. మన చెవి అంత సన్నటి సందులోంచి వినలేదు, కంప్యూటర్ వింటుంది. గారడీ అన్నా కూడా, నా 400 వాట్ల ఆంప్లిఫయర్‌తో అందని ఊళ్లు ఐదు వాట్లతో అందాయి. ఆంప్లిఫయర్ మీద ఇప్పుడు దుమ్ము పడుతోంది.

ఊరికే రాలేదిది. సెకనుకి ఆరు బిట్లు! సొంతంగా ఏదైనా రాయాలంటే ఒక విడతలో 13 అక్షరాలు దాటకూడదు. "ఎలా ఉన్నారు, ఇంట్లో అంతా క్షేమమా" అనడానికి కూడా చోటు చాలదు. కాల్‌సైన్లు, సిగ్నల్ రిపోర్టు, నమస్తే, అంతే సంభాషణ. మా పాత మిత్రులు కొందరు ఇది రేడియో కాదు, రెండు కంప్యూటర్లు చేతులు కలుపుకోవడం అని ఎగతాళి చేస్తారు, వాళ్లని పూర్తిగా తప్పుపట్టను. కంప్యూటర్ గడియారం ఒకట్రెండు సెకన్లు తప్పిందంటే ఆ చేతులు కూడా కలవవు. వేగం వదులుకుంటేనో, వెడల్పు వదులుకుంటేనో, టైం వదులుకుంటేనో రొదని తట్టుకునే బలం వస్తుంది, ఏదీ వదలకుండా అన్నీ కావాలంటే కుదరదు. 1930ల్లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజినీర్ ఎఫ్‌ఎం తెచ్చినప్పుడు చేసింది ఇలాంటి బేరమే. ఉరుము పాడుచేసేది అల ఎత్తుని, కాబట్టి పాటని ఎత్తులో పెట్టకుండా ఫ్రీక్వెన్సీ ఊపులో దాచాడు, ఆ ఊపుని అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ వరకూ వెడల్పు చేశాడు. అంతకు పదేళ్ల ముందే కార్సన్ అనే పెద్దాయన ఎఫ్‌ఎం వల్ల లాభం లేదని లెక్కకట్టి చూపించి ఉన్నాడు. సన్నటి ఎఫ్‌ఎంకి ఆ లెక్క సరైనదే, వెడల్పు చేస్తే ఏమవుతుందో మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ చేసి చూశాడు. వాయేజర్-1 అంతరిక్షనౌక కథా అంతే, 2,400 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి దాదాపు 23 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సెకనుకి 160 బిట్లు పంపుతోంది. దాన్ని వినే డిష్ యాంటెనా పళ్లేలు పెద్దవి, నిజమే, కానీ సెకనుకి కోటి బిట్లు కావాలని కూర్చుంటే ఏ పళ్లేనికీ వినపడదు.

ఒక దగ్గర మాత్రం మీ వ్యాసకర్త చెప్పింది పూర్తిగా కొట్టేయలేను. రొద వేరు, కావాలని అడ్డుపడేవాడు వేరు. రొదకి మన పట్టీ తెలియదు, మన మీద పగ లేదు. జామర్ పెట్టేవాడికి రెండూ ఉంటాయి. 20,200 కిలోమీటర్ల నుంచి దిగే జీపీఎస్ సిగ్నల్ దగ్గర, పక్క వీధిలో చిన్న జామర్ పెట్టినా ఎన్ని గుర్తులు కలిపినా చాలదు, అక్కడ నిజంగానే బలం గెలుస్తుంది. ఇంకా ఘోరం, పౌరులు వాడే పట్టీలు బహిరంగమే కాబట్టి అచ్చం అలాంటి దొంగ సిగ్నల్ తయారుచేసి తప్పుదారి పట్టించొచ్చు. దీనికి మందు పట్టీని రహస్యంగా ఉంచడం, లేదా ఉన్నచోట ఉండకుండా గెంతడం. 1942లో నటి హెడీ లామర్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ తీసుకున్న పేటెంట్ ఇదే, పియానో మెట్ల లెక్కన 88 ఫ్రీక్వెన్సీల మీద టార్పెడో సిగ్నల్ గెంతుతూ పోతుంది, ఎటు గెంతుతుందో తెలియనివాడు ఎక్కడని అడ్డుకుంటాడు? అప్పట్లో నేవీ దాన్ని పక్కన పడేసింది. మీ చెవిలో పెట్టుకునే బ్లూటూత్ మాత్రం ఆ తరహాలోనే 79 చానెళ్ల మీద సెకనుకి 1600 సార్లు గెంతుతుంది, వైఫై కూర్చున్న చానెళ్లని చూసి తప్పుకుపోవడం కూడా నేర్చుకుంది. తప్పుకోవడం తెలిసినవాడికి అరవాల్సిన పని తక్కువ.

కాబట్టి నా మనవి, ఆ బొమ్మ మార్చి ఇంకోసారి వేయండి. గడ్డి మీద కొండ వద్దు, గడ్డిలోనే కలిసిపోయిన ఒక వరస వేసి, కింద అదే వరస విడిగా చూపించండి, పాఠకులే జరుపుకుని అతికించుకుంటారు.

ఉత్తరం పెద్దదైందని తెలుసు, మీ కాలమ్‌లో పట్టదు. కత్తిరించాల్సి వస్తే నా ఆంప్లిఫయర్ గోల అంతా తీసేయండి, ఏమీ అనుకోను. ఆ ఏడు గుర్తుల ముక్క మాత్రం ఉంచండి. ప్రూఫ్ చూసేవాళ్లకి ఒక మాట చెప్పండి, ప్లస్సులు నాలుగు, మైనస్సులు మూడు, ఆ వరసలోనే పడాలి. అచ్చులో ఒక్కటి అటూ ఇటూ అయినా రేపు పొద్దున కాగితం పట్టీలు పట్టుకుని కూర్చున్నవాళ్లందరూ నన్ను తిడతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక హ్యామ్ రేడియో ఆపరేటర్